పద్నాలుగు రకాల ‘చూద్దాం’

సరుగుడుపాలెం కాలువల డివిజన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా పనిచేసే చిదంబరం తన ముప్పై ఏళ్ల సర్వీసులో ఎవరికీ, ఎప్పుడూ, దేనికీ ‘లేదు’ అని చెప్పి ఎరగడు. అది ఆయన మంచితనమని ఆఫీసూ, జబ్బని ఆయన భార్యా అనుకునేవారు.

‘లేదు’కి బదులు ఆయన దగ్గర ఒకే ఒక్క మాట ఉండేది. ‘చూద్దాం.’ అయితే ఆ ఒక్క మాటనీ ఆయన పద్నాలుగు రకాలుగా అనగలడు. తలెత్తి నవ్వుతూ అంటే మొదటి రకం, పని రేపటికి అయిపోతుందని. గోడ గడియారం వైపు చూస్తూ అంటే నాలుగో రకం, భోజనాల వేళ దాటాక రమ్మని. కాగితం అందుకుని పేపర్‌వెయిట్ కింద పెడుతూ అంటే తొమ్మిదో రకం, ఇక ఆ కాగితాన్ని కదిపేది ఫ్యాను గాలి ఒక్కటే. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుస్తూ అంటే అది పద్నాలుగోది, ఆఖరిది. ఈ జన్మకి కాదని దాని అర్థం. పాతకాపులు రకాన్ని బట్టి కూర్చోవాలో లేచిపోవాలో తేల్చుకునేవారు. పాపం కొత్తవాళ్లు మాత్రం మళ్లీ మళ్లీ వచ్చేవారు.

అలా మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లలో నూకరత్నం ఒకతె. రాట్నాలమెట్ట మనిషి. బళ్లో పిల్లలకి మధ్యాహ్న భోజనం వండుతుంది. రాట్నాలమెట్టకీ బడికీ మధ్య పిల్లకాలువ ఉంది. దాని మీద వంతెన లేదు. ఎవరో పుణ్యాత్ములు రెండు పాత సిమెంటు కరెంటు స్తంభాలు అడ్డంగా పడేశారు, వాటి మీదుగానే ఊరంతా అటూ ఇటూ నడవాలి. వర్షాకాలంలో స్తంభాలు నీళ్లలో మునుగుతాయి. అప్పుడు కాళ్లతో తడుముకుంటూ నడుస్తారు. మనిషి నడిచేపాటి చిన్న వంతెన ఒకటి కట్టించమని నూకరత్నం మూడేళ్ల కిందట అర్జీ పెట్టింది. అప్పట్నుంచీ ప్రతి సోమవారం వంట పక్కింటావిడకి ఒప్పజెప్పి, గొడుగు చంకన పెట్టుకుని, చిదంబరం బల్లకెదురుగా ఉన్న చెక్కబెంచీ మీద కూర్చుంటోంది.

“అన్నగారండీ, మన వంతెన సంగతి ఏమైందండి?”

“చూద్దాం అమ్మా.”

“ఆయ్, అలాగేనండి. మా అత్త ఇటేపు గట్టు చూసి రెండేళ్లయిందండి. ఆవిడ స్తంభాలెక్కలేదు, డాక్టరు స్తంభాలు దాటి రాడు. కాస్త తొందరగా చూడండి మరి. ఎల్లొత్తానండి.”

ఆవిడకి రకాలు తెలియవు. చిదంబరం కళ్లద్దాలు తుడుచుకుంటూ ఉంటే చూపు ఆనడం లేదు కాబోలని జాలిపడేది.

అసలు సంగతేమిటంటే, ఆ అర్జీని పైవాళ్లు రెండేళ్ల కిందటే కొట్టేశారు. ‘లబ్ధి పొందు నివాసములు ముప్పైయెనిమిది మాత్రమే, కనీసము అరువది ఉండవలెను’ అని ఒక్క వాక్యం రాశారు. ఎవరు లెక్కపెట్టారో, కాలువ ఇవతలి నుంచే కళ్లు చికిలించి లెక్కపెట్టారో గానీ, అక్కడ తొంభైయొక్క ఇళ్లున్నాయి. పంచాయతీ సెక్రటరీని అడిగి ఆ జాబితా కూడా చిదంబరం తెప్పించాడు. అది ఏడాదిగా ఆయన సొరుగులోనే ఉంది. నూకరత్నం ఆ జాబితా జతచేసి, తన సంతకంతో పైనున్న సర్కిల్ ఆఫీసులో ఒక్క అప్పీలు పడేస్తే చాలు. ఏటా మే ముప్పై ఒకటిలోగా పడిన అప్పీళ్లు వచ్చే వేసవి పనుల్లో చేరతాయి. కాలువకి నీళ్లు కట్టేసే వేసవిలో తప్ప వంతెన పనులు సాగవు కాబట్టి, ఆ తేదీ తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి.

ఇదంతా చెప్పడానికి ఒక నిమిషం పట్టదు. కానీ దానికి ముందు ‘మీ అర్జీ కొట్టేశారమ్మా’ అనే ముక్క ఒకటి అనాలి. ఆవిడ ‘అన్నగారండీ’ అనగానే చిదంబరం నీళ్లు నమిలేవాడు. అలా రెండు మే నెలలు వెళ్లిపోయాయి.

మూడో వేసవిలో ఉత్తర్వు వచ్చింది.

శాఖలో చాలా ఎత్తున ఉన్న ఒకానొక అధికారి చల్లటి కొండ ఊళ్లో మూడు రోజుల వ్యక్తిత్వ వికాస శిబిరానికి వెళ్లొచ్చారట. వచ్చాక తమ బంగళాలో కారుతున్న కుళాయి గురించి అందరూ ఆర్నెల్లుగా ‘చూద్దాం సార్’ అంటున్నారని గమనించారట. కుళాయి బాగైందో లేదో తెలియదు గానీ శాఖను బాగుచేయడానికి మాత్రం పూనుకున్నారు.

‘ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా,’ అని డివిజన్ అధిపతి, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు రాజశేఖరం గారు వరండాలో నిలబడి చదివారు. ‘కష్టతరమైన విషయములను ఎదుటివారి గౌరవమునకు భంగము కలుగకుండా, అయినను దృఢముగా తెలియజేయు సంస్కృతి మన శాఖయందు కొరవడినట్లు గమనించడమైనది. కావున తక్షణము గౌరవపూర్వక దృఢ సంభాషణా విధానము, ఇకమీదట గౌదృసం అని వ్యవహరింపబడునది, అమలులోనికి వచ్చుచున్నది. ‘చూద్దాం’ అను పదము కార్యాలయ ఆవరణలో నిషేధింపబడినది.’

“గౌదృసం అంటే ఏదో కషాయం పేరులాగుందండి,” అన్నాడు అటెండరు సింహాచలం. సింహాచలానికి అరవయ్యో ఏడు దగ్గర పడుతోంది కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

చిదంబరానికి మాత్రం కాళ్లకింద నేల కదిలినట్టయింది. ముప్పై ఏళ్ల పనిముట్టు లాగేసుకున్నారు. అయితే లోలోపల ఎక్కడో చిన్న ఆశ కూడా కలిగింది. ఇప్పుడైనా నూకరత్నానికి చెప్పక తప్పదు కదా అనుకున్నాడు.

శిక్షణ ఇన్‌స్పెక్షన్ బంగళాలో రెండు రోజులు జరిగింది. ప్రద్యుమ్న అనే నిపుణుడు చెవి పక్కనుంచి బుగ్గమీదికి వంగిన మైకుతో వచ్చాడు. గదిలో ఉన్నది ఇరవై రెండు మంది. మైకు లేకపోయినా వినిపించేది.

“ఏ కఠినమైన సంభాషణకైనా ఐదు మెట్లుంటాయి,” అన్నాడు ప్రద్యుమ్న. “ఒకటి, చూపు. ఎదుటివారి కళ్లలోకి మూడు సెకన్లు చూడాలి. రెండుకి తగ్గితే పిరికితనం, నాలుగు దాటితే దౌర్జన్యం. రెండు, గ్రహింపు. ‘మీరు బాధలో ఉన్నారని నేను గ్రహిస్తున్నాను’ అనాలి. మూడు, ‘నేను’ వాక్యం. నింద ఉండకూడదు, మన మనసులో ఏముందో చెప్పాలి. నాలుగు, విన్నపం. ఐదు, ఉమ్మడి మౌనం. ఇద్దరూ కలిసి పది సెకన్లు ఊరుకోవాలి.”

అందరూ రాసుకున్నారు. చిదంబరం ఎర్రసిరాతో అడుగున గీతలు కూడా కొట్టుకున్నాడు.

రెండో రోజు పరీక్ష. ప్రద్యుమ్న చిదంబరానికెదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “నేను మీ స్నేహితుణ్ణి. మీ స్కూటరు అడుగుతున్నాను. మీకివ్వడం ఇష్టం లేదు. కానివ్వండి.”

చిదంబరం మూడు సెకన్లు చూశాడు. “మీకు స్కూటరు అవసరమని నేను గ్రహిస్తున్నాను.”

“భేష్!”

“నేను...”

“చెప్పండి. ‘నేను ఇవ్వలేను.’ రెండే మాటలు.”

“నేను...” చిదంబరం నుదురు చెమర్చింది. “చూద్దాం సార్,” అన్నాడు. అంతటితో ఆగకుండా జేబులోంచి తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టాడు.

ఆఫీసులో ఆయన ఒక్కడే తప్పాడు. మిగతావాళ్లకి కంచు, వెండి బిళ్లలు ఇచ్చారు. రాజశేఖరం గారికి హోదారీత్యా శిక్షణకి ముందురోజే బంగారు బిళ్ల ఇంటికి పంపించారు. బిళ్ల లేని చిదంబరం ఇకమీదట ‘తేలిక’ తరగతి సంభాషణలే జరపాలని మెమో వచ్చింది. తేలిక అంటే వాతావరణం, కుశలప్రశ్నలు, టీ. కఠిన తరగతికి వెండి బిళ్ల కావాలి. ‘అతికఠిన’ తరగతికి బంగారు బిళ్ల ఉన్న అధికారి, ఏడు రోజుల ముందస్తు నోటీసు, పైనుంచి అనుమతి కావాలి. రికార్డు గది ఖాళీ చేసి ‘సంభాషణా మందిరం’ చేశారు. అందులో రెండు కుర్చీలు వేసి, వాటిని ఏ కోణంలో పెట్టాలో నేలమీద పసుపు రంగుతో గీతలు గీశారు. ఒక బల్ల, దాని మీద నీళ్ల జగ్గు, కన్నీళ్లు తుడుచుకోవడానికి కాగితపు రుమాళ్ల డబ్బా పెట్టారు. ఖాళీచేసిన రికార్డులు వరండాలోకి వచ్చాయి. రికార్డుల వెనకాల ఒక పాము కూడా వచ్చింది.

మొదట చూసింది సింహాచలం. “పాము! పామండోయ్!” అని కేకేశాడు. అందరూ బల్లలెక్కారు, పాము దాని దారిన అది గడప దాటి వెళ్లిపోయింది. మర్నాడు సింహాచలానికి మెమో అందింది. ‘శ్రోతల మనోభావములను ముందుగా గ్రహింపక, నేరుగా పాము విషయమునకు వచ్చుట ద్వారా రెండవ మెట్టును అతిక్రమించితిరి. మూడు దినములలో సంజాయిషీ సమర్పించవలెను.’

“నేను మొదటి మెట్టు పాటించానండి,” అని సింహాచలం చిదంబరం దగ్గర మొత్తుకున్నాడు. “దాని కళ్లలోకి సరిగ్గా మూడు సెకన్లు చూశాను. అంతకంటే ఎక్కువసేపు చూడ్డం నావల్ల కాలేదు.”

సంజాయిషీ చిదంబరమే రాసిపెట్టాడు. పాము మనోభావాలు కూడా దెబ్బతిని ఉండవచ్చని ఒక వాక్యం చేర్చాడు. దాన్ని పైవాళ్లు మెచ్చుకున్నారు.

ఆ తర్వాతి వారం రాజశేఖరం గారు కలెక్టరేట్ సమావేశానికి బయల్దేరుతుంటే, ఎండకి ఆయన తలరంగు కరిగి రెండు చెంపల మీదుగా కాలర్లోకి కారుతోంది. చూడనివాళ్లు లేరు. చెప్పగలిగినవాళ్లు కూడా లేరు. పై అధికారి శరీర విషయం కాబట్టి అది అతికఠిన తరగతిలోకి వస్తుంది. హెడ్ క్లర్కు నిబంధన ప్రకారం ఫారం నింపి పైకి పంపాడు. రాజశేఖరం గారు అలాగే జీపెక్కారు, అలాగే సమావేశంలో కాలువల చిత్రపటం ముందు నిలబడి గంటసేపు మాట్లాడారు. అనుమతి పదకొండు రోజులకి వచ్చింది. సంభాషణా మందిరంలో పక్క డివిజన్ నుంచి వచ్చిన బంగారు బిళ్ల అధికారి ఆయన కళ్లలోకి మూడు సెకన్లు చూసి, ‘పదకొండు దినముల క్రితం తమరి కేశవర్ణము’ అని మొదలుపెట్టాడు. ఆ రోజంతా రాజశేఖరం గారు ఎవరితోనూ మాట్లాడలేదు. నివేదికలో మాత్రం ‘ఉమ్మడి మౌనము ఆశించిన దానికంటే ఎక్కువసేపు సిద్ధించినది’ అని రాశారు.

తరవాత లక్ష్యాలు వచ్చాయి. ప్రతి సెక్షనూ వారానికి పన్నెండు కఠిన సంభాషణలు జరిపి చూపాలి. అన్ని తగాదాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? విమలాదేవీ, హైమావతీ అని ఇద్దరు టైపిస్టులు పద్దెనిమిదేళ్లుగా ఒకే క్యారియర్లో అన్నం తింటున్నారు. గురువారానికి ఒక సంభాషణ తక్కువైతే, ఏదో ఒకటి మాట్లాడుకోమని హెడ్ క్లర్కు వాళ్లిద్దర్నీ మందిరంలోకి పంపాడు. విషయం దొరక్క విమలాదేవి, “నీ గోంగూర పచ్చడిలో ఉప్పెక్కువైనప్పుడు నేను బాధపడుతున్నాను,” అంది, ఐదు మెట్లూ తప్పకుండా. హైమావతి కాగితపు రుమాలు తీసుకుంది. శుక్రవారం నుంచి రెండు క్యారియర్లు వస్తున్నాయి. లక్ష్యం నెరవేరినందుకు సెక్షనుకి ప్రశంసాపత్రం ఇచ్చారు.

ఈ సందడి మధ్యలోనే సోమవారాలు వస్తున్నాయి, నూకరత్నం కూడా వస్తోంది.

“అన్నగారండీ, మన వంతెన సంగతి ఏమైందండి?”

చిదంబరం నాలుక మీదికి వచ్చిన మాటని కరుచుకున్నాడు. ‘చూద్దాం’ అనకూడదు. కొట్టేశారని చెబుదామంటే బిళ్ల లేదు.

“ఎండలు బాగా ముదిరాయమ్మా,” అన్నాడు.

“ఆయ్, మండిపోతన్నాయండి. వంతెనండీ?”

“సాయంత్రానికి గాలి తిరగొచ్చు.”

నూకరత్నం ఆయన వంక వింతగా చూసింది. “ఒంట్లో బాగుందాండి?” అని అడిగింది.

“టీ తాగుతావా అమ్మా?”

ఆవిడ టీ తాగి వెళ్లింది. మూడేళ్లలో ఆ ఆఫీసు ఆవిడకి ఇచ్చింది అదొక్కటే. ఆ వెనక్కి తిరిగి వెళ్తున్న గొడుగు చూస్తూ చిదంబరం సిగ్గుతో చచ్చిపోయాడు. చూద్దాం అన్నప్పుడల్లా తను ఒక మంచి పని చేస్తున్నానని, ఒక మనిషిని నొప్పించకుండా పంపుతున్నానని అనుకునేవాడు. ఆ మాట తీసేశాక దాని కింద ఏముందో కనిపించింది. ఏమీ లేదు. ఆవిడ మొహం చూడ్డానికి తనకి భయం, అంతే. మెమో సంగతీ, బిళ్ల సంగతీ పైపై సాకులని ఆయనకి తెలుసు.

అర్జీ కొట్టేసిన సంగతి చెప్పడం అతికఠిన తరగతి కిందికి వస్తుంది. ఆ మధ్యాహ్నమే దానికి ఫారం నింపాడు. ఫారంలో ఒక నిబంధన ఉంది. చెప్పబోయే విషయం వినడానికి తనకి సమ్మతమేనని వినబోయే వ్యక్తి ముందుగా సంతకం చేయాలి. అయితే ఆ విషయమేమిటో సంతకానికి ముందు తెలియపరచరాదు.

మరుసటి సోమవారం నూకరత్నం ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసింది. “ఏం చెబుతారో తెలీకుండా ఇంటానని సంతకం పెట్టాలాండి?”

“అంతేనమ్మా.”

“ఇన్నాళ్లూ చేసింది అదే కదండి,” అని సంతకం పెట్టేసింది.

ఫారం పైకి వెళ్లింది. సంభాషణకి జూన్ పద్నాలుగు కేటాయిస్తూ తిరిగొచ్చింది. అప్పీళ్లకి ఆఖరి తేదీ మే ముప్పై ఒకటి. జూన్ పదిన కాలువకి నీళ్లు వదుల్తారు. చిదంబరం ఆ రెండు తేదీలూ వేసి, ముందుకి జరపమని వేడుకుంటూ లేఖ రాశాడు. ‘సంభాషణల వరుసక్రమమును విషయము యొక్క అత్యవసరతను బట్టి మార్చుట ఇతర సంభాషణల గౌరవమునకు భంగకరము’ అని జవాబొచ్చింది.

అదృష్టం మరో రూపంలో వచ్చింది. సరుగుడుపాలెం డివిజన్ని ఆదర్శ గౌదృసం కేంద్రంగా ప్రకటించారు, చూడ్డానికి రాజధాని నుంచి ఒక బృందం వస్తోందన్నారు. వాళ్లకి ఒక అతికఠిన సంభాషణ ప్రత్యక్షంగా చూపించాలి. వెతికితే వరుసలో ఉన్నది నూకరత్నం ఒక్కతే. బృందం గౌరవం కోసం జూన్ పద్నాలుగు కాస్తా మే ముప్పై ఒకటికి జరిగింది. చెప్పబోయేది స్వయంగా రాజశేఖరం గారు.

చిదంబరం ఊపిరి పీల్చుకున్నాడు. తన నోటితో కాకపోయినా ఆ రోజు ఆవిడకి తెలుస్తుంది, ఐదింటిలోగా సర్కిల్ ఆఫీసుకి వెళ్లొచ్చు. అప్పీలు కాగితం తనే రాసి, తొంభైయొక్క ఇళ్ల జాబితా గుచ్చి, సంతకం చోటు ఖాళీగా ఉంచి, జేబులో పెట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. ఫైలు అందించడం ఆ రోజు ఆయన పని. అదీ తేలిక తరగతే.

కార్యక్రమం రెండింటికన్నారు. బృందం భోజనం చేసి వచ్చేసరికి మూడూ పది అయింది. పూలగుత్తులు, పరిచయాలు అయ్యాయి. మందిరంలో గోడల వెంబడి బృందం కూర్చుంది, ప్రద్యుమ్న మైకు తగిలించుకుని మూలన నిలుచున్నాడు. పసుపు గీతల మీద ఉన్న కుర్చీలో నూకరత్నం గొడుగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సభా మర్యాద కోసం గొడుగు తీసేద్దామని ఎవరో అంటే, ఆవిడ మరింత గట్టిగా పట్టుకుంది.

మూడూ యాభైకి సింహాచలం గంట కొట్టాడు.

రాజశేఖరం గారు మూడు సెకన్లు చూశారు. ఫోటోగ్రాఫరు సరిగా పడలేదనడంతో మళ్లీ మూడు సెకన్లు చూశారు.

“నూకరత్నం గారూ, మీరు చిరకాలముగా వేదనలో ఉన్నారని నేను గ్రహిస్తున్నాను.”

“ఆయ్,” అంది నూకరత్నం.

“మీ వేదన వల్ల నేను కూడా తీవ్రమైన మనస్తాపమునకు లోనవుతున్నాను.”

“అయ్యో, తమరెందుకండి? తమరు స్తంభాలెక్కరు కదా.”

బృందంలో ఒకావిడ ‘ఎంత సహజంగా ఉంది’ అని రాసుకుంది. రాజశేఖరం గారు గొంతు సవరించుకుని నాలుగో మెట్టెక్కారు. “మన పరస్పర గౌరవ బంధమును ఇకమీదట కూడా ఇదే విధముగా కొనసాగించవలసినదిగా మిమ్మల్ని సవినయముగా కోరుచున్నాను.” ఆ వెంటనే ఉమ్మడి మౌనం మొదలైంది. పది సెకన్లు. గోడ గడియారం చప్పుడు వినిపించింది. నాలుగు గంటలకి మూడు నిమిషాలు తక్కువ.

సింహాచలం గంట కొట్టాడు. ప్రద్యుమ్న “అద్భుతం!” అన్నాడు. బృందం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఒకాయన కాగితపు రుమాలు తీసుకుని కళ్లొత్తుకున్నాడు.

చిదంబరానికి తన ఎర్రసిరా గీతలన్నీ ఒక్కసారిగా కళ్లముందు మెదిలాయి. చూపు, గ్రహింపు, ‘నేను’ వాక్యం, విన్నపం, మౌనం. ఐదు మెట్లూ అయిపోయాయి. అసలు సంగతి చెప్పడానికంటూ అందులో మెట్టే లేదు. ఇరవై రెండు మంది రెండు రోజులు రాసుకున్నారు, ఒక్కడూ గమనించలేదు.

చప్పట్లు ఆగాక నూకరత్నం అటూ ఇటూ చూసింది. “అయితే వంతెన వత్తాదాండి?” అని అడిగింది.

ప్రద్యుమ్న తన కాగితాలు తిరగేశాడు. ఎదుటి మనిషి తిరిగి ప్రశ్న వేస్తే ఏం చేయాలో వాటిలో లేదు. రాజశేఖరం గారు నూకరత్నం వంక చూశారు, బృందం వంక చూశారు. మెల్లగా కళ్లద్దాలు తీశారు. చొక్కా అంచుతో తుడిచారు.

“చూద్దాం అమ్మా,” అన్నారు.

పద్నాలుగో రకం. చిదంబరం కంటే బాగా అన్నారు.

“ఆయ్, అలాగేనండి,” అని నూకరత్నం గొడుగు చంకన పెట్టుకుని లేచింది. తలుపు దగ్గరికి వచ్చి, ఎప్పట్లాగే, “ఎల్లొత్తానండి అన్నగారూ,” అంది.

“రాదమ్మా,” అన్నాడు చిదంబరం.

ఆ గొంతు తనదేనా అని ఆయనకే అనుమానం వచ్చింది. మళ్లీ అన్నాడు. “వంతెన రాదు. నీ అర్జీ రెండేళ్ల కిందటే కొట్టేశారు. ముప్పైయెనిమిది ఇళ్లే ఉన్నాయని రాశారు, అది తప్పు. ఈరోజు ఐదింటిలోగా సర్కిల్ ఆఫీసులో అప్పీలు పడితే వచ్చే వేసవికి రావచ్చు. కాగితం నా దగ్గరుంది. నీ సంతకం కావాలి.”

నూకరత్నం కదల్లేదు. “తమరికెప్పట్నించి తెలుసండి?”

“రెండేళ్ల నుంచి.”

అడిగినవాళ్ల మొహం చూడకూడదని ముప్పై ఏళ్లుగా దాక్కున్న మనిషి ఆవిడ మొహాన్ని అప్పుడు పూర్తిగా చూశాడు. ఎన్ని సెకన్లో లెక్కపెట్టలేదు. అందులో కోపం ఉంది. కోపం కంటే ఎక్కువగా, వంద సోమవారాల అలసట ఉంది.

“ఈ ముక్క మొదటి వారమే చెప్పేత్తే నేను ఏడ్చి ఊరుకునేదాన్ని కాదండి,” అంది. “ఏం చెయ్యాలో అది చేసేదాన్ని. నేనేమన్నా చంటిపిల్లనాండి, దాచిపెట్టడానికి?”

“తప్పు నాదేనమ్మా.”

“తప్పు సంగతి తర్వాతండి. కలం ఇవ్వండి.”

గోడకి ఆన్చి సంతకం పెట్టింది. వెనకనుంచి ప్రద్యుమ్న మైకులో, “ఇది అనుమతి లేని సంభాషణ! దయచేసి ఇద్దరూ వెనక్కి వచ్చి మొదటి మెట్టు నుంచి...” అంటున్నాడు. అప్పటికే వాళ్లు వరండా దాటేశారు.

సర్కిల్ ఆఫీసు ఇరవైయారు కిలోమీటర్లు. స్కూటరు మీద చిదంబరం ఎప్పుడూ ముప్పై దాటి ఎరగడు, ఆ రోజు ఎంత దాటాడో ముల్లు పనిచేయక తెలియలేదు. దారిపొడుగునా నూకరత్నం ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అది ఉమ్మడి మౌనం కాదు, ఆవిడ ఒక్కతిదే. చిదంబరం దాన్ని భరించాడు.

నాలుగూ యాభై రెండుకి అప్పీళ్ల బల్ల ముందు నిలబడ్డారు. అక్కడి గుమాస్తా పెద్దమనిషి, అప్పటికే టిఫిను డబ్బా సంచిలో సర్దుకుంటున్నాడు. కాగితం అందుకుని, పైపైన చూసి, పేపర్‌వెయిట్ కింద పెట్టాడు.

“చూద్దాం లెండి,” అన్నాడు.

తొమ్మిదో రకం. తన సొంత సరుకు ఇంకొకరి చేతిలో చూసినట్టయింది చిదంబరానికి. ఎంత మెత్తగా ఉందో, ఎంత మర్యాదగా ఉందో, దాని ముందు నిలబడ్డవాళ్లకి ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసింది.

“అయ్యా,” అన్నాడు. “మీరు పొద్దుటినుంచీ పనిచేసి అలిసిపోయారు, ఇంటికెళ్లే వేళ అని నాకు తెలుసు. నేనూ గుమాస్తానే. కానీ చూడొద్దు. ముద్ర వెయ్యండి. తారీఖు వేసి నకలు ఇవ్వండి. అది చేతికొచ్చేదాకా మేమిక్కణ్ణుంచి కదలం.”

పెద్దమనిషి తలెత్తి ఇద్దర్నీ చూశాడు. నూకరత్నం గొడుగు బల్లకి ఆనించి, బెంచీ మీద స్థిరంగా కూర్చుంది. కూర్చోవడంలో ఆవిడకి మూడేళ్ల అనుభవం ఉంది. పెద్దమనిషి నిట్టూర్చి సంచి కింద పెట్టి, సొరుగులోంచి ముద్ర తీశాడు.

చిదంబరానికి మెమో రావడానికి ఆలస్యం కాలేదు. బంగారు బిళ్ల లేకుండా అతికఠిన సంభాషణ జరిపినందుకు, ఐదు మెట్లలో ఒక్కటీ ఎక్కకుండానే విషయం చెప్పేసినందుకు సంజాయిషీ అడిగారు. చిదంబరం ఒక్క వాక్యం రాశాడు. ‘చెప్పిన మాట వాస్తవమే, మళ్లీ చెప్పవలసి వచ్చినా చెబుతాను.’ ఆ సమాధానంలో దృఢత్వం ఉన్నదా, గౌరవం ఉన్నదా, రెండూ ఉన్నాయా అని తేల్చడానికి పైన ఒక కమిటీ కూర్చుంది. ఈలోగా నూకరత్నానికి విధివిధానాల ప్రకారం క్షమాపణ చెప్పవలసిందిగా ఆయన్ని ఆదేశించారు. సంభాషణా మందిరం నవంబరు దాకా ఖాళీ లేదు.

జూన్ పదిన నీళ్లు వదిలారు. రాట్నాలమెట్ట దగ్గర రెండు స్తంభాలూ ఎప్పట్లాగే మునిగాయి. మరో వారానికి సర్కిల్ ఆఫీసు నుంచి ఇళ్లు మళ్లీ లెక్కపెట్టడానికి ఇద్దరు మనుషులు వచ్చారు. ఈసారి కాలువ దాటి లెక్కపెట్టారు. దాటేటప్పుడు ఒకాయన జారి మొల లోతు నీళ్లలో పడ్డాడట. నివేదిక చాలా బలంగా రాశాడని తర్వాత తెలిసింది.

ఆ తర్వాతి సోమవారం పొద్దున్నే నూకరత్నం ఆఫీసుకి వచ్చింది. బెంచీ మీద కూర్చోలేదు. బల్ల ముందు నిలబడే అడిగింది. ‘అన్నగారండీ’ అని కూడా అనలేదు.

“ఈ ఏడాది వానల్లోగా వంతెన వత్తాదాండి?”

సెక్షనంతా తలలెత్తింది. విమలాదేవి టైపు ఆపింది. సింహాచలం అలవాటుకొద్దీ గంట అందుకోబోయి మానేశాడు.

“రాదమ్మా,” అన్నాడు చిదంబరం. “ఈ వానలకి స్తంభాలే. ఇళ్ల లెక్క తొంభైయొకటి అని ఒప్పుకున్నారు. వచ్చే వేసవి జాబితాలో ఉంది. మంజూరు రాగానే నేనే మనిషిని పంపుతాను. సోమవారం సోమవారం నువ్వు రానక్కర్లేదు.”

నూకరత్నం తల ఊపింది. “ఆయ్,” అంది. గొడుగు విప్పుకుని గడప దాటబోతూ ఆగి, గడియారం చూసింది. తొమ్మిదింబావు.

“పొయ్యి వెలిగించే వేళకి అందుకుంటాను అన్నగారూ,” అని గబగబా నడిచి వెళ్లిపోయింది.

మూడేళ్లలో మొదటిసారిగా ఆ సోమవారం బళ్లో పప్పు ఆవిడే వండింది.